ఆజ్ఞ ఒక ప్రక్క, జీవనాధారము ఒక ప్రక్క



దొమ్మరోగము పేరు గొఱ్ఱెలను, పశువులను కాచుకొనేవారికి తెలియనిది కాదు. సాయంకాలము బాగుగా కనబడిన గొఱ్ఱె తెల్లవారేసరికి చచ్చి పడి ఉంటుంది. దానిని కోయవద్దు, లోతుగా పాతిపెట్టండని పశువుల డాక్టరు చెబుతాడు. ఆంత్రాక్స్ అనేది ఈ రోగమే. శత్రువులు ఈ క్రిములను యుద్ధములో గాలిలో చల్లుతారేమోనన్న భయము అమెరికా సైన్యములో ఒక పెద్ద చిక్కును తెచ్చింది. దానిని గూర్చి ఈ నెల మీతో మాట్లాడాలని ఆశిస్తున్నాము. సంగతి దూరదేశముదే గాని, ఆ ఇండ్లలో భార్యాభర్తలు రాత్రివేళ కూర్చుండి ఆలోచించిన ప్రశ్న మన ఇండ్లకు కూడ వచ్చేదే.

అమెరికాలో ఎయిర్ నేషనల్ గార్డు, వైమానిక దళపు రిజర్వు అనే విభాగములు ఉన్నాయి. వాటిలో ఎక్కువమంది పూర్తికాలపు సైనికులు కారు. నెలలో కొన్ని దినములు సైన్యములో పనిచేసి, మిగిలిన దినములలో సొంత ఉద్యోగము చేసుకుంటారు. మన దేశములో టెరిటోరియల్ ఆర్మీ ఇటువంటిదే. ఆ రిజర్వు పైలట్లలో అనేకులు ప్రయాణికుల విమానములు నడిపి కుటుంబమును పోషించుకొనేవారు. ఆ ఉద్యోగమునకు వైద్యపరీక్ష సర్టిఫికెట్టే ఆధారము. 1990లలో ఎయిర్‌లైన్ కెప్టెన్ ఆరు నెలలకొకసారి ఆ పరీక్షలో నెగ్గవలసి ఉండేది. చూపు మందగించిన ఆర్.టి.సి. డ్రైవరు స్టీరింగు వదలవలసి వచ్చినట్లే, తల తిరుగుడు, మతిమరపు వంటివి పట్టుకున్న పైలట్టు విమానము వదలవలసిందే.

1997 డిసెంబరులో అమెరికా రక్షణ మంత్రి విలియం కోహెన్ సైనికులందరికి ఆంత్రాక్స్ టీకా వేయిస్తామని ప్రకటించారు. 1998లో సూదులు మొదలయ్యాయి. 18 నెలలలో 6 సూదులు, ఆ తరువాత ఏటేటా ఒకటి. ప్రభుత్వము ఊరకనే ఆజ్ఞాపించలేదు. ఆంత్రాక్స్ ఆయుధములు తయారుచేశామని ఇరాక్ 1995లో ఒప్పుకున్నది. ఊపిరితో లోపలికి పోయిన ఆ క్రిమి, చికిత్స ఆలస్యమైతే, ప్రాణము తీస్తుంది. అయితే సూది తరువాత కీళ్లనొప్పులు, విడువని నీరసము వచ్చాయని కొందరు సైనికులు చెప్పసాగారు. అది విన్న పైలట్ల గుండెలో రాయి పడింది. “దేశమునకు మాట ఇచ్చాను. కాని ఈ సూదివలన నా సర్టిఫికెట్టు పోతే పిల్లల చదువు ఏమి, ఇంటి అప్పు ఏమి?”

పూర్తికాలపు సైనికుడు కాదంటే శిక్షకు లోనవుతాడు. రిజర్వు పైలట్టుకు రాజీనామా చేసే దారి ఉన్నది. 1999లో కనెక్టికట్ రాష్ట్రపు ఎయిర్ నేషనల్ గార్డులో ఒకే దళమునుండి 8 మంది పైలట్లు టీకా విషయమై తప్పుకున్నారు. వేరే అనేకులు సూది వేయించుకొని విమానములు నడుపుతూనే ఉన్నారు. 1998 సెప్టెంబరుకు, 2000 సెప్టెంబరుకు మధ్య గార్డు, రిజర్వు పైలట్లలోను విమాన సిబ్బందిలోను సుమారు 16 శాతము మంది వేరే దళమునకు మారడమో, సేవ మానుకోవడమో చేశారని అమెరికా కాంగ్రెసు తనిఖీ సంస్థ 2002లో తెలిపింది. దానికి టీకా ఒక ముఖ్య కారణమని చెప్పింది. అదే సంవత్సరము పేరుపొందిన వైద్యనిపుణుల సంఘమొకటి ఆ టీకాను పరిశీలించి, అది తగినంత సురక్షితమని, పనిచేసేదని తేల్చింది. 2004లో కోర్టు నిర్బంధపు టీకాలను ఆపివేసింది. 2005లో ఔషధశాఖ మరల అనుమతి స్థిరపరచగా, 2006లో కొందరు సైనికులకు నిర్బంధము తిరిగి ప్రకటించారు. 2021లో కోవిడ్ టీకా ఆజ్ఞ వచ్చినప్పుడు తూకము తిరగబడింది. ఈసారి కొన్ని విమాన సంస్థలే టీకా కావాలన్నాయి. కాదంటే సైన్యములో స్థానము, బయట ఉద్యోగము రెండును ప్రమాదములో పడ్డాయి. ఆ సైనిక ఆజ్ఞను 2023 జనవరిలో రద్దు చేశారు.

వీరిలో ఎవరిది తప్పు? సూది వేయించుకున్నవాడు పిరికివాడనిగాని, మానుకున్నవాడు ద్రోహి అనిగాని మేము అనము. మమ్మును కలవరపెట్టిన సంగతి వేరొకటి ఉన్నది. సూది తరువాత ఒంట్లో తేడా కనబడినవారిలో చాలామంది డాక్టరుకు చెప్పలేదని ఆ తనిఖీలోనే బయటపడింది. చెబితే ఎగరనివ్వరేమో అన్న భయము అందుకు ఒక కారణము. ప్రియులారా, ఉరి ఇక్కడ ఉన్నది. దాచుకున్న జబ్బుతో విమానము నడిపేవాని వెనుక వందలమంది ప్రాణములు కూర్చుండి ఉంటాయి. దాచినవాడు దుర్మార్గుడు కానవసరము లేదు, పిల్లలను ప్రేమించే తండ్రే కావచ్చు.

దానియేలును జ్ఞాపకము చేసుకుందాము. రాజు భోజనము విషయములో అతడు పారిపోలేదు, తిన్నట్టు నటించనూ లేదు. అధికారిని వినయముగా అడిగాడు, పది దినములు పరీక్షించి చూడుమన్నాడు. అధికారి కూడ విన్నాడు. గోపురము కట్టగోరువాడు ముందు కూర్చుండి ఖర్చు లెక్క చూసుకోవాలని ప్రభువు లూకా 14వ అధ్యాయములో నేర్పాడు. మనస్సాక్షికి ఖర్చు ఉంటుంది. ఆ ఖర్చును భార్యతో కలిసి లెక్కించి, వెలుగులో చెల్లించేవాడు ధన్యుడు. పైవారును చెప్పినవానిని శిక్షించకుండ వింటేనే క్రిందివారు సత్యము చెప్పగలరు.

ఒక మాట హెచ్చరికగా చెప్పాలి. ఇది చదివి ఎవరును తమ బిడ్డల టీకాలు మానకూడదు. ఆ పైలట్టు తన శరీరమును, తన ఉద్యోగమును తూచుకున్న పెద్దవాడు. చంటిబిడ్డ తన కొరకు తాను నిర్ణయించుకోలేదు. 1995నుండి తల్లులు ఓపికతో వేయించిన పోలియో చుక్కలవలననే, 2014లో మన దేశము పోలియో లేనిదని ప్రకటింపబడింది.

మన సంఘములలోను డ్రైవర్లు ఉన్నారు, నర్సులు ఉన్నారు, సైన్యములో కుమారులు ఉన్నారు. చూపు తగ్గినా, చేయి వణికినా, జీతము పోతుందని లోలోపల నలిగేవారు ఉండవచ్చు. ఈ నెల కుటుంబ ప్రార్థనలో ఒకరినొకరు అడగండి: “నీవు చెప్పలేక దాచుకున్నది ఏదైనా ఉన్నదా?” చెప్పినవారిని గద్దించవద్దు. జీతము తగ్గితే పంచుకుందామని చెప్పండి. సంఘము ఉన్నది అందుకే గదా.

సత్యము చెప్పడానికి ధైర్యమును, విన్నవారికి కనికరమును ప్రభువు అనుగ్రహించును గాక. ఆమేన్.