గని పోయినా జట్టు పోలేదు

పోయిన ఆదివారం సర్జాపుర బస్టాండు దగ్గర మా మనవడు అడిగినాడు, "తాతా, మీ మిల్లు కబడ్డీ జట్టుని ఎవరు పెట్టినారు? ఎప్పుడు పెట్టినారు?" అని. ఇరవై ఏళ్ళు ఆడినవాణ్ణి, జవాబు చెప్పలేకపోయినా. అందుకే ఈ నెల, సంగతులు రాసిపెట్టుకున్న ఒక దూరదేశపు పనివాళ్ళ జట్టు గురించి చెప్తాను.

స్కాట్లండులో బల్లహూలిష్ అని కొండల మధ్య ఒక ఊరు. ఇళ్ళ కప్పులకు పరిచే పలకరాయిని అక్కడి గనుల్లో తీసేవాళ్ళు. మనకు మగ్గమూ మిల్లూ ఎట్లనో, వాళ్ళకు ఆ గని అట్ల. వాళ్ళ ఆట షింటీ. చూస్తే మన హాకీ మాదిరే ఉంటుంది గానీ, వంకర కర్రకి రెండు పక్కలతోనూ కొట్టొచ్చు, గాల్లో ఉన్న బంతిని కూడా కొట్టొచ్చు. జట్టుకి 12 మంది.

1893లో ఆ ఊళ్ళో క్లబ్బు పెట్టుకున్నారు. 1896లో మొదలైన పెద్ద కప్పు, కమనాక్డ్ కప్పుని 1899లో, 1901లో గెలిచినారు. మరుసటేడు కంపెనీ, పనివాళ్ళ డాక్టరు లాక్లన్ గ్రాంట్‌ని తీసేసింది. మా డాక్టరు మాకు కావాలని వాళ్ళు పట్టుబట్టినారు. గనికి తాళం పడింది. ఏడాదికి పైగా పని లేదు. పొయ్యి వెలగని రోజులు ఎట్లుంటాయో మనకి ఒకరు చెప్పబన్లేదు. డాక్టరు మాత్రం ఊరు విడిచి పోలేదు. జట్టూ చెదరలేదు. 1911లో, 1912లో మళ్ళీ కప్పు తెచ్చినారు.

1955లో గని మూతపడింది. క్లబ్బు మాత్రం ఇప్పటికీ ఉంది.

ఎందుకని ఆలోచించినాను. గని కంపెనీది, జట్టు ఊరిది. మాది అట్ల కాదు. బనియన్లు మిల్లువి, మైదానం మిల్లుది. గేటుకి తాళం పడిన రోజే మా ఆటకీ పడింది. ఒక్కరమైనా మన వీధిలో నలుగురు పిల్లల్ని పోగేసి నేర్పించి ఉంటే బాగుండేది. ఆ తప్పు మాదే.

ఇప్పుడు మన పిల్లలు ఆడే ఖాళీ జాగా పక్కనే అపార్ట్‌మెంట్లు లేస్తా ఉన్నాయి. ఆ జాగా ఉండగానే పెద్దోళ్ళు సాయంత్రం ఒక గంట అక్కడికి రండి. ఆడినోళ్ళ పేర్లు, ఏళ్ళు మీ పిల్లల చేత నోటుబుక్కులో రాయించండి.

నా ట్రంకు పెట్టెలో మా జట్టు ఫోటో ఒకటుంది. పన్నెండు మంది. నలుగురి పేర్లు నాకు గుర్తు రావడం లేదు. ఎవరికైనా తెలిస్తే ఇంటికొచ్చి చెప్పండి, టీ తాగి పోదురు.