పందిరి దిగిన చిక్కుడు

రథసప్తమి వస్తోందంటే పాతబస్తీ మీర్ ఆలం మండీలో చిక్కుడుకాయలకు కొదవుండదు. ఒక ఇంట్లో వాటితో సూర్యుడికి రథం కడతారు. పక్క గల్లీలో అదే కాయ 'సేమ్ కీ ఫల్లీ' అయి మాంసంతో కలిసి ఉడుకుతుంది. మరి మే, జూన్‌లలో? నాటు చిక్కుడు కోసం వెతుక్కోవాల్సిందే.

ఎందుకంటే నాటు చిక్కుడు పొద్దు చూసుకుని పూస్తుంది. ఆషాఢంలో గింజ పెట్టినా, తీగ పందిరంతా అల్లుకున్నా, పగలు కురచయ్యేదాకా పూత వేయదు. ఎంత ఎరువేసినా అంతే! తీరా కాపుకొచ్చేసరికి అందరి కాయా ఒక్కసారే మండీకి చేరుతుంది. ధర పడిపోతుంది.

ఈ మొండితనాన్ని వదిలించింది బెంగళూరు దగ్గర హెసరఘట్టలోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ. పొద్దుతో పనిలేని 'హెబ్బాళ అవరె'ను తమ రకాలతో సంకరపరచి, తరాల తరబడి మంచి మొక్కల్ని ఏరి అర్క జయ్, అర్క విజయ్‌లను తెచ్చారు. రెండూ పొట్టి పొదలే, పందిరి ఖర్చు లేదు. 75 రోజుల్లో హెక్టారుకు 12 టన్నుల కాయ వస్తుంది. విజయ్ కాయకు చిక్కుడు వాసన కూడా ఉంటుంది. అది చిన్న విషయమేం కాదు. వాసన లేని చిక్కుడుకాయ ఎంత కాస్తే మాత్రం ఎవరిక్కావాలి?

బీన్స్‌ది ఇంకో బాధ. దానికి రాత్రి వేడి పడదు. 20 డిగ్రీలు దాటేకొద్దీ పుప్పొడి దెబ్బతిని పూత రాలిపోతుంది. మే నెలలో హైదరాబాద్ రాత్రులేమో 26 డిగ్రీల దగ్గరుంటాయి! అందుకే చల్లటి ఎగువ ప్రాంతాల బీన్స్ మీద ఆధారపడటం. కొలంబియాలోని సియాట్ శాస్త్రవేత్తలు ఎడారిలో పెరిగే టెపరీ చిక్కుడుతో బీన్స్‌ను కలిపి, వేడిని తట్టుకునే 30 వంగడాలను 2015లో ప్రకటించారు. ఆ రెండు జాతులకూ ఓ పట్టాన పొసగదు. సంకర పిండాన్ని బయటికి తీసి ప్రయోగశాలలో బతికించాలి. అయితే ఆ పరిశోధన ప్రధానంగా గింజ కోసం పెంచే బీన్స్ మీద. మన కూరలోకి కాదు.

పొద్దు, ఎండ... రెండు చిక్కుల్నీ కలిపి విప్పింది మాత్రం నగరం పక్కనే, పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో. అదీ చిక్కుడులో కాదు, దాని చుట్టమైన కందిలో. 2025లో వెల్లడించిన ఐసీపీవీ 25444 రకం పగటి నిడివిని పట్టించుకోదు, 45 డిగ్రీల ఎండను తట్టుకుంటుంది, 125 రోజుల్లో కోతకొస్తుంది. కాకపోతే ఎండాకాలం పంటకు తడులు తప్పవు. వేసవి కంది ఖట్టీ దాల్‌లోకి చేరాలంటే ముందు రైతు బోరులో నీళ్లుండాలి.