కాళ్ళ వాపు – కరెంటు చికిత్స

ఢిల్లీలోని ధౌలా కువాన్ తెలుగువారికి కొత్త ప్రదేశం కాదు. తిరుమల తిరుపతి దేవస్థానం 1961లో నెలకొల్పిన శ్రీ వేంకటేశ్వర కళాశాల అక్కడనే ఉన్నది. అచటి మెట్రో స్టేషన్‌ను దుర్గాబాయి దేశ్‌ముఖ్ సౌత్ క్యాంపస్ స్టేషన్‌తో కలిపే సుమారు 1.2 కిలోమీటర్ల ఆకాశ వంతెన 2019లో ప్రారంభమైనది. ఇటీవల ఆ వంతెనపై మాతో నడుస్తున్న విశ్రాంత సహోద్యోగి ఒకరు సగం దూరంలోనే ఆగిపోయారు. విజయవాడ నుండి రైలులో వచ్చిన నాటి నుండి ఎడమ కాలు వాచి, పిక్క నొప్పిగా ఉన్నదనీ, కండరాలకు కరెంటు పెట్టే యంత్రం కొనదలచామనీ చెప్పారు.

ఆ యంత్రం వెనుక శాస్త్రం లేకపోలేదు. పాదాలకు చేరిన రక్తాన్ని తిరిగి పైకి పంపుటలో పిక్క కండరాలు పంపు వలె పనిచేస్తాయి. సిరలలోని కవాటాలు, మన పంపుహౌసులోని నాన్-రిటర్న్ వాల్వుల వలె, రక్తాన్ని క్రిందికి జారనీయవు. కదలక నిలుచున్నపుడు చీలమండ వద్ద సిరలలో పీడనం సుమారు 90 మిల్లీమీటర్ల పాదరసం. నడిచినపుడు అది బాగుగా తగ్గుతుంది. విద్యుత్తుతో కప్ప కాలి కండరం ముడుచుకొనునని గాల్వానీ 1791లో ప్రకటించాడు. నేటి యంత్రమూ చర్మంపై అంటించిన పట్టీల ద్వారా స్వల్ప విద్యుత్ స్పందనలను పంపి పిక్కను ముడిపిస్తుంది. నడవలేని వారికి, మంచం పట్టిన వారికి వైద్యుని పర్యవేక్షణలో ఇది ఉపకరించవచ్చును. ఇతర పద్ధతులు వీలుకాని రోగులలో రక్తపు గడ్డలను నివారించుటకు ఇట్టి పరికరం ఒకదానిని బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2014లో సమర్థించినది. అయితే అది గడ్డ కట్టకుండ జాగ్రత్తయే గాని, కట్టిన గడ్డకు చికిత్స కాదు.

వాపు స్వయంగా వ్యాధి కాదు, లక్షణం. రెండు కాళ్ళూ వాచినచో గుండె, మూత్రపిండాలు, కాలేయం, థైరాయిడ్ లోపాలు గాని, రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ వంటి మందులు గాని కారణం కావచ్చును. బోదకాలు సంగతి వేరు. అకస్మాత్తుగా ఒక్క కాలే వాచి నొప్పి పుట్టినచో లోతు సిరలో రక్తం గడ్డకట్టినదేమో చూడవలెను. ఆ గడ్డ కదలి ఊపిరితిత్తులకు చేరినచో ప్రాణాపాయం. అట్టి కాలికి యంత్రం తగిలించరాదు. పేస్‌మేకర్ ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడుగకుండ వాడరాదు.

మా మిత్రుని ఆనాడే ఆసుపత్రికి తీసుకొనిపోయాము. డాప్లర్ పరీక్షలో గడ్డ కనిపించినది. రక్తం పలుచబడు మందులతో ఆయన ఇప్పుడు కులాసాగా ఉన్నారు. యంత్రం కొనలేదు.

గంటల తరబడి కుర్చీలో కూర్చుండే మన సోదర సోదరీమణులకు మా మనవి ఒక్కటే: గంటకొకసారి లేచి నాలుగడుగులు వేయండి. వాపు కనిపించినచో ముందు కారణం తెలుసుకొనండి; చికిత్స సంగతి ఆ పిమ్మట.