మూడవ పేరు
‘క్రీడాంగణం’ శీర్షిక – కదిర్కామం, పుదుచ్చేరి నుండి

పుదుచ్చేరివాసులకు 1962 ఆగస్టు 16 మరువరాని తేదీ. 1954 నవంబరు 1 నాటికే ఈ నగరం పాలన భారత ప్రభుత్వం చేతికి వచ్చినప్పటికీ, ఒప్పందానికి ఫ్రెంచి పార్లమెంటు ఆమోదం లభించి, చట్టరీత్యా విలీనం పూర్తి అయినది ఆ రోజుననే. మన తెలుగువారి యానాం కూడా ఆనాడే చట్టబద్ధంగా భారత భూభాగమైంది. ఆ తరువాత 19 రోజులకు, సెప్టెంబరు 4న, జకార్తా నగరంలో భారత ఫుట్‌బాల్ జట్టు దక్షిణ కొరియాను 2–1 గోల్స్ తేడాతో ఓడించి ఆసియా క్రీడల స్వర్ణ పతకాన్ని గెలుచుకున్నది. పుదుచ్చేరి ప్రజలు నిండు పౌరసత్వంతో తమదిగా చెప్పుకోదగిన మొదటి గొప్ప క్రీడా విజయం ఇదేనని నాకు తోస్తుంది. ఫుట్‌బాల్‌లో ఆసియా స్వర్ణం మనకు మరల దక్కలేదు.

ఆనాటి జట్టును గురించి బెంగాలీ మిత్రులతో ముచ్చటిస్తే మూడు పేర్లు ఒక్క ఊపిరిలో వెలువడతాయి: పి.కె., చుని, బలరాం. క్రమం ఎన్నడూ మారదు. పి.కె. అనగా ప్రదీప్ కుమార్ బెనర్జీ, చుని అనగా జట్టు నాయకుడు చుని గోస్వామి. మూడవ పేరు తులసీదాస్ బలరాం. సికింద్రాబాదు చెంతనున్న అమ్ముగూడలో 1936లో ఒక పేద తమిళ కుటుంబంలో జన్మించి, తెలుగు నేలపై ఆట నేర్చి, బెంగాలులో జీవితమంతా గడిపిన ఎడమ పక్క ఆటగాడు. తమిళుల నడుమ కాపురముంటున్న నాబోటి తెలుగువాడికి, తెలుగువారి నడుమ పెరిగిన ఈ తమిళుడిపై కొంత పక్షపాతం ఉంటే పాఠకులు మన్నింతురు గాక.

‘ఎడమ పక్క’ అన్న మాటకు కొంత వివరణ అవసరం. ఆ రోజులలో ముందు వరుసలో ఐదుగురు ఆడేవారు. మధ్యన సెంటర్ ఫార్వర్డ్, అతనికి ఇరువైపుల ఇన్‌సైడ్ ఆటగాళ్ళు, చిట్టచివర గీతల వెంబడి ఇద్దరు వింగర్లు. వింగర్ పని విచిత్రమైనది. మైదానం మధ్యన ఆడేవాడికి నాలుగు దిక్కులా దారి ఉంటుంది. వింగర్‌కు ఒక పక్క సున్నపు గీత, మరొక పక్క అతనిని కాచుకొని నిలిచిన బ్యాక్. ఆ ఇరుకులో బంతిని కాలికి అంటిపెట్టుకొని, ప్రత్యర్థిని లోపలికి పోతున్నట్లు నమ్మించి, బయటి నుండి దూసుకుపోవాలి. మూల దాకా వెళ్ళి, పరుగు ఆపకుండానే, గోలీకి అందక తనవారికి అందేటట్లు బంతిని గోలు ముందుకు పంపాలి. ఎడమ వింగర్ అయితే ఇదంతా ఎడమ కాలితోనే చేయాలి. అతడు ముగ్గురిని దాటి పంపిన బంతిని మధ్యనున్నవాడు తలతో తాకిస్తే చాలు, గోలు మధ్యవాని పేర నమోదవుతుంది. అసలు బంతి తాకకుండానే ఒక బ్యాక్‌ను తన వెంట గీత వరకు ఈడ్చుకొని పోయి, మధ్యన ఖాళీ కల్పించి ఊరుకోవడం కూడా అతని పనిలో భాగమే. దానిని ఏ పత్రికా వ్రాయదు.

మా కదిర్కామంలో సాయంత్రం వేళ ఖాళీ స్థలంలో బంతి ఆడుకునే పిల్లలను గమనిస్తూ ఉంటాను. ఎడమ పక్క మురుగు కాలువ ఉన్నందున అటు నిలబడేందుకు ఎవరూ ఒప్పుకోరు. అందరికంటె చిన్నవాడిని అటు తోసివేస్తారు. మొన్న ఆ చిన్నవాడు నా వద్దకు వచ్చి, “అక్కడ నిలబడితే నేను గోల్ ఎప్పుడు కొట్టాలి అంకుల్?” అని అడిగాడు. వానికి బలరాం కథ చెప్పబోయాను. రెండు నిమిషాలు విని పారిపోయాడు. అందుకే ఈ నెల శీర్షికలో చెబుతున్నాను.

సికింద్రాబాదు కంటోన్మెంటులో ఉండిన బ్రిటిషు పటాలముల మూలంగా ఫుట్‌బాల్ ఆ ప్రాంతపు వాడలలోకి ప్రవేశించింది. సిమ్లాలో 1888లో ఆరంభమైన డ్యూరాండ్ పోటీలో తొలి విజేత రాయల్ స్కాట్స్ ఫ్యూజిలియర్స్ అను స్కాట్లండు పటాలం. వింగర్‌ను నెత్తిన పెట్టుకొని ఊరేగించే దేశం స్కాట్లండు. గ్లాస్గో నగరపు సెల్టిక్ క్లబ్బు 1967లో ఇంటర్ మిలాన్‌ను ఓడించి యూరోపియన్ కప్పు గెలిచినపుడు ఆ జట్టు కుడి వింగర్ జిమ్మీ జాన్‌స్టన్. ఐదున్నర అడుగులు కూడా లేని పొట్టివాడు. సెల్టిక్ అభిమానులు 2002లో తమ క్లబ్బు చరిత్రలోకెల్ల ఉత్తమ ఆటగాడిగా అతనినే ఎన్నుకున్నారు. అదే క్లబ్బు తరఫున అంతకు చాలా ముందు, 1936లో, కలకత్తా నుండి వెళ్ళిన మహమ్మద్ సలీం అను వింగర్ కాళ్ళకు బూట్లు లేక గుడ్డపట్టీలతో రెండు ఆటలు ఆడి అక్కడివారిని అబ్బురపరిచాడు. బలరాం పుట్టినది ఆ ఏడే. వట్టి కాళ్ళ నుండి బూట్ల వరకు సాగిన ప్రయాణం అతని జీవితంలోనూ ఉన్నది. పోలీసువారు వాడి పారవేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవానికి ఇచ్చి, ఫుట్‌బాల్ బూట్లుగా మార్పించుకొని ఆడినట్లు ఆయన చెప్పుకునేవారు.

హైదరాబాదు సిటీ పోలీసు జట్టు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం కంట బలరాం పడటం అతని జీవితంలో మలుపు. రహీం స్వతహాగా పాఠశాల ఉపాధ్యాయుడు. ఆయన చేతికి వచ్చిన పిదప పోలీసు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకున్నది. శిక్షణకు రమ్మని రహీం పిలిచినపుడు, అమ్ముగూడ నుండి రోజూ నగరానికి వచ్చిపోయే ఖర్చు తమ ఇంట భరించలేరని బాలుడు విన్నవించుకున్నాడట. అద్దె సైకిలు నిమిత్తం రహీం రోజుకు ఒక రూపాయి తన జేబు నుండి ఇచ్చారు. ఆ రూపాయి మన దేశపు ఫుట్‌బాల్‌పై పెట్టిన పెట్టుబడులన్నింటిలోను లాభసాటి అయినదని నా అభిప్రాయం.

రహీం బోధన గురించి ఒక్క మాట. బలహీనమైన కాలితో మాత్రమే బంతిని తన్నవలెనను నియమంతో ఆయన పోటీలు జరిపించేవారు. బంతితో ఒంటరిగా పరుగులు పెట్టరాదను నియమంతో మరికొన్ని జరిపించేవారు. మొదటి దానివలన రెండు కాళ్ళూ పనికి వచ్చేవి. రెండవ దానివలన తోటివాడు ఎక్కడ ఉన్నాడో చూడటం అలవడేది. బలరాం ముందు వరుసలో ఏ స్థానంలోనైనా ఆడగలగడానికి పునాది ఇక్కడే పడి ఉండాలి.

తరువాతి ప్రస్థానం వేగంగా సాగింది. హైదరాబాదు రాష్ట్ర జట్టు 1956–57లో సంతోష్ ట్రోఫీ గెలిచింది. ఇరవై ఏండ్ల ప్రాయంలో బలరాం మెల్బోర్న్ ఒలింపిక్స్‌కు వెళ్ళిన భారత జట్టులో ఉన్నాడు. ఆ జట్టు ఆతిథేయ ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగవ స్థానం పొందింది. మరుసటి సంవత్సరం కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్బు అతనిని పిలిపించుకున్నది. 1961లో అతని నాయకత్వంలోనే ఆ క్లబ్బు కలకత్తా లీగు గెలిచింది. అంతకు పూర్వం తొమ్మిదేండ్లుగా అది ఆ క్లబ్బుకు దక్కలేదు. కలకత్తాలో ఈస్ట్ బెంగాల్ నాయకత్వమంటే ఏమిటో అక్కడ ఉద్యోగం చేసి వచ్చిన మిత్రులకు చెప్పనవసరం లేదు. బంగాళీయేతరుడు, అందునా దక్షిణాదివాడు, దానిని భుజాన వేసుకొని నెగ్గుకు రావడం సామాన్యం కాదు.

1960 రోమ్ ఒలింపిక్స్‌లో మనవారి గుంపు కఠినమైనది. హంగరీతో 1–2తో ఓడినపుడు మన గోలు బలరాందే. ఆ హంగరీ జట్టులోని ఫ్లోరియన్ ఆల్బర్ట్ 1967లో యూరప్ ఉత్తమ ఆటగాడిగా ఎన్నికైనవాడు. పెరూ చేతిలో 1–3తో ఓడిన ఆటలోనూ మన ఏకైక గోలు బలరాందే. ఈ రెంటికి నడుమ ఫ్రాన్సుతో 1–1 సమానంగా ముగిసింది, గోలు పి.కె.ది. కాగితాల మీద చూస్తే పుదుచ్చేరి అప్పటికి ఇంకా ఫ్రాన్సుదే! భారతదేశం ఫ్రాన్సును నిలువరించిన ఆ రోజున మన ఊరివారు ఏ పక్షం వహించి ఉంటారన్నది ఇక్కడి వయోవృద్ధులను అడగదగిన ప్రశ్న. మన ఫుట్‌బాల్ జట్టు ఆ తరువాత ఏ ఒలింపిక్స్‌కూ అర్హత పొందలేదు.

ఇక జకార్తా. తొలి ఆటలో కొరియా చేతిలోనే 0–2తో ఓటమి. పిదప థాయిలాండుపై 4–1, జపానుపై 2–0. ఈ రెండు ఆటలలోను బలరాం గోలు చేశాడు. సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంపై 3–2. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను రానివ్వని ఇండోనేసియా చర్యను భారత ప్రతినిధి జి.డి. సోంధి విమర్శించడంతో అక్కడి ప్రజలకు మనవారిపై కోపం. సుమారు లక్ష మంది ప్రేక్షకులు ఫైనల్ ఆసాంతం మన జట్టును ఎగతాళి చేశారు. ఫ్లూ జ్వరం నుండి లేచి వచ్చి గోలులో నిలిచిన పీటర్ తంగరాజ్, ముందు వరుసలోని యూసుఫ్ ఖాన్ కూడా మన హైదరాబాదు బడి నుండి వచ్చినవారే. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీం వెనుక నుండి తెచ్చి సెంటర్ ఫార్వర్డ్‌గా ఆడించారు. కుడి గీత వెంట పి.కె., ఎడమ గీత వెంట బలరాం, అతని పక్కన చుని. గోల్స్ పి.కె., జర్నైల్ చేశారు. రికార్డు పుస్తకంలో ఆ ఫైనల్ పుటలో బలరాం పేరు లేదు. కొరియా వెనుక వరుస ఆ సాయంత్రం ఇరువైపులా సాగదీయబడి ఉండినది ఎవరి వలననో పుస్తకం చెప్పదు.

ఆ ఏడు అర్జున పురస్కారం బలరాంకు లభించింది. మరుసటి సంవత్సరం జూన్ 11న రహీం కేన్సరు వ్యాధితో మరణించారు. అదే 1963లో బలరాం ఈస్ట్ బెంగాల్ వీడి బెంగాల్–నాగపూర్ రైల్వే జట్టులో, అనగా బి.ఎన్.ఆర్.లో, చేరాడు. ఆ వెనువెంటనే ఊపిరితిత్తుల వ్యాధి బయటపడింది. ఆట మానవలసినదేనని వైద్యులు తేల్చి చెప్పారు. అప్పటికి వయస్సు 27 ఏండ్లు. గీత వెంట పరుగెత్తడమే వృత్తిగా గలవానికి ఊపిరే ఎదురు తిరిగింది.

ఇక్కడే మన సంస్థ వంటి సంస్థలలో పనిచేసేవారు ఒక్క నిమిషం ఆగవలసి ఉన్నది. ఆ కాలంలో ఆటగాళ్ళకు లక్షల రూపాయల ఒప్పందాలు లేవు. పి.కె. ఈస్టర్న్ రైల్వేలో ఉద్యోగిగా ఉండి అక్కడే ఆడారు. హైదరాబాదు ఆటగాళ్ళు పోలీసు కొలువులో ఉండి ఆడారు. బలరాం జబ్బు పడిననాడు వెనుక రైల్వే ఉద్యోగం ఉండబట్టి వీధిన పడలేదు. స్పోర్ట్స్ కోటా ఉద్యోగులను గురించి మన కార్యాలయాలలో వినవచ్చే ఛలోక్తులు అందరికీ తెలిసినవే: సంతకం పెట్టి మైదానానికి పోతాడని, మోకాలు పోయాక ఫైలు పట్టడం రాదని. మోకాలు పోయినది సంస్థ చొక్కా తొడుక్కొని ఆడుతుండగానే కదా! ఆడినన్నాళ్ళు ట్రోఫీని అద్దాల బీరువాలో పెట్టుకొని, ఆట ఆగిపోయిన పిదప అతనికి ఏ పని నేర్పాలో ఆలోచించని అధికారులను నా సర్వీసులో చూచాను. కొత్త నియామకాలే తగ్గుతున్న ఈ రోజులలో ఆ కోటా కూడా సన్నగిల్లుతున్నది. పదేండ్ల పిల్లవాడిని మైదానానికి పంపాలా, ట్యూషనుకు పంపాలా అని మన ఇళ్ళలో జరిగే వాదనకు దీనితో సంబంధం లేకపోలేదు.

బలరాం ఆట మానినా బంతిని మానలేదు. బి.ఎన్.ఆర్. జట్టుకు శిక్షకుడైనాడు, కలకత్తాలో కుర్రవాళ్ళకు ఏళ్ళ తరబడి ఆట నేర్పాడు. వివాహం చేసుకోలేదు. హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపాడాలో ఒక ఫ్లాటులో ఒంటరిగా గడిపాడు. చునికి 1983లో, పి.కె.కు 1990లో పద్మశ్రీ లభించాయి. మూడవ పేరుకు రాలేదు. ఆ బాధను ఆయన దాచుకోలేదు. తన పాత క్లబ్బుతోనూ ఆయనకు చివరి వరకు మనస్పర్థలే. సర్దుకుపోయి ఉంటే మరికొన్ని సన్మానాలు దక్కేవేమో! కాని గీత అంచున పరుగెత్తి బ్యాక్‌తో భుజం కలిపి నెగ్గడం వృత్తిగా గలవానిని వంగమనడం ఎంతవరకు న్యాయమో చెప్పలేను.

2020 మార్చి 20న పి.కె., ఏప్రిల్ 30న చుని కన్నుమూశారు. 2023 ఫిబ్రవరి 16న కోల్‌కతాలో బలరాం వెళ్ళిపోయారు. వరుసలో కడపట పలికే పేరు అందరికంటె కడపట నిష్క్రమించింది.

సికింద్రాబాదు, బొల్లారం, లాల్‌బజారు ప్రాంతాలలో నివసించే మన సంస్థ ఉద్యోగుల ఇళ్ళలో బలరాం ఆటను కళ్ళారా చూచిన తాతగారు ఎవరైనా ఉంటే, వారు చెప్పిన నాలుగు మాటలు ఈ శీర్షికకు వ్రాసి పంపగోరుతున్నాను. ఆయన ఏ కాలితో ఎక్కువగా మలుపు తిప్పేవారో, బంతిని ఎత్తి పంపేవారో, నేల మీదుగా పంపేవారో తెలిసినా చాలు. కాలువ పక్కన నిలబెట్టిన మా చిన్నవాడు ఈసారి ఆ సంగతే అడుగుతున్నాడు.