ఎవరికి బందోబస్తు?

దేశాధినేతను హంతకుల బారి నుంచి కాపాడే అంగరక్షకుడి కథ సినిమా వాళ్ళకి ఎప్పుడూ ఇష్టమైన సరుకే. హాలీవుడ్‌లో 1993లో వచ్చిన 'ఇన్ ద లైన్ ఆఫ్ ఫైర్' ఈ కోవలో బాగా పేరు తెచ్చుకుంది. అక్కడ అధ్యక్షుడు, ఇక్కడ ప్రధానమంత్రి. కె.వి. ఆనంద్ తమిళంలో తీసిన 'కాప్పాన్', 'బందోబస్త్' పేరుతో 2019 సెప్టెంబర్ 20న తెలుగులోనూ విడుదలైంది. ప్రధానిగా మోహన్‌లాల్, ఆయన్ని కాపాడే ఎస్పీజీ అధికారిగా సూర్య నటించారు. సినిమా ఎప్పుడో వచ్చి వెళ్ళిపోయింది. ఇప్పుడు దాని ప్రస్తావన ఎందుకంటే, దాని గురించి విమర్శకులు ఏం మాట్లాడారు, ఏం మాట్లాడలేదు అన్నది మన ఉద్యమాలకి సంబంధించిన విషయం.

విమర్శకుల్లో ఎక్కువమంది ఫిర్యాదు ఒకటే. కథలో మరీ ఎక్కువ విషయాలు కుక్కారని. ప్రధాని భద్రత కథలోకి సేంద్రియ వ్యవసాయం, పంటల మీదికి పురుగుల్ని వదిలే కార్పొరేట్ కుట్ర, భూముల గొడవ ఎందుకని అడిగారు. పోరాట దృశ్యాలు బాగున్నాయన్నారు. నిడివి ఎక్కువన్నారు, లాజిక్ లేదన్నారు. నాయిక పాత్రకి పని లేదని ఒక్క వాక్యంలో రాసి, ఆ వాక్యంతోనే స్త్రీల ప్రశ్న తీరిపోయినట్టు ముందుకి సాగిపోయారు.

నా అభిప్రాయం ఇందుకు పూర్తిగా వేరు. ప్రధాని ప్రాణానికీ రైతు పొలానికీ ముడిపెట్టడమే ఆ సినిమాలో ఉన్న ఒకే ఒక్క నిజమైన ఆలోచన. రాజ్యం ఎవరిని కాపాడుతుంది, ఎవరిని వదిలేస్తుంది అనే ప్రశ్న అక్కడే మొదలవుతుంది. అయితే ఆ ప్రశ్న అడిగిన సినిమాయే దాని నుంచి పారిపోయింది. కష్టమంతా ఒక దుర్మార్గుడైన వ్యాపారి వల్లే వచ్చిందని చూపించింది. రాజ్యం మాత్రం మంచి తండ్రిలాగా మిగిలింది. తండ్రి చనిపోతే కొడుకు ప్రధాని అవుతాడు. ఇంటి ఆస్తి చేతులు మారినట్టే దేశమూ చేతులు మారుతుంది. విమర్శకులకి ఇందులో లాజిక్ లోపం కనిపించలేదు!

ఈ కథను గడ్డపోతారంలో నిలబడి చూడండి. కాజీపల్లి, గడ్డపోతారం, బొల్లారం, పటాన్‌చెరు - ఈ ఊళ్ళ చెరువుల్ని పాడుచేసింది పెట్టెలో పురుగుల్ని తెచ్చి వదిలిన విలన్ కాడు. అనుమతులిచ్చిన శాఖలున్నాయి, నోటీసులిచ్చి ఊరుకున్న బోర్డులున్నాయి, కోర్టులో ఏళ్ళ తరబడి నడిచిన వాయిదాలున్నాయి. పటాన్‌చెరు కాలుష్యం మీద సుప్రీంకోర్టుకి వ్యాజ్యం వెళ్ళింది 1990లో. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఇక్కడి ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షిస్తే, అందులో యాంటిబయాటిక్ మందులు కనీవినీ ఎరగనంత మోతాదులో బయటపడ్డాయి. 2017లో గండిగూడెం చెరువులో చేపలు లక్షల్లో చచ్చి తేలాయి. చెరువు పోతే ముందు పోయేది నాటు వేసే ఆడవాళ్ళ కూలి. తరవాత పాడి. తరవాత తాగేనీళ్ళు. ఆ నీళ్ళు ఎక్కడినుంచో మోసుకొచ్చే పని మళ్ళీ ఆడవాళ్ళదే. ఇన్ని దశల్లో జరిగే హింసను ఒక హీరో ఒక విలన్‌ని చంపి ఆపలేడు. అందుకే ఇది థ్రిల్లర్‌కి పనికిరాదు, విమర్శకులకి 'అనవసరమైన ఉపకథ'గా కనిపిస్తుంది.

'భద్రత' అనే మాటనే తీసుకుందాం. పెద్దవాళ్ళకి భద్రత అంటే దారి ఖాళీ చెయ్యడం. వాళ్ళు నిర్భయంగా తిరగడానికి మిగతావాళ్ళందరినీ ఆపెయ్యడం. స్త్రీలకి భద్రత అంటే స్త్రీనే ఆపెయ్యడం. చీకటి పడితే బయటికి రావొద్దు, ఒంటరిగా వెళ్ళొద్దు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 66వ సెక్షన్ రాత్రి ఏడు నుంచి పొద్దున ఆరు దాకా స్త్రీలు ఫ్యాక్టరీలో పనిచెయ్యకూడదంది. రాత్రి పూట బస్సు వెయ్యమని, దారిలో దీపాలు పెట్టమని మాత్రం అనలేదు. ఒకరికి కదిలే స్వేచ్ఛని ఇచ్చేదీ, ఇంకొకరి కదలికనే తీసేసేదీ ఒకే మాటగా ఎలా చెలామణి అవుతోందో మనం అడగాలి.

ఆ సినిమా వచ్చిన రెండు నెలలకి, 2019 నవంబర్ 27 రాత్రి, శంషాబాద్ దగ్గర ఒక యువ పశువైద్యురాలు అత్యాచారానికీ హత్యకీ గురైంది. కూతురు కనబడటం లేదని వెళ్ళిన కుటుంబాన్ని, ఇది మా పరిధి కాదంటూ పోలీసులు తిప్పారు. ఆలస్యం చేసినందుకు ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు కూడా. డిసెంబర్ 6న నలుగురు నిందితులూ 'ఎన్‌కౌంటర్'లో చనిపోయారు. పోలీసుల మీద జనం పూలు చల్లారు. పోలీసులు చంపే ఉద్దేశంతోనే కాల్చారని సిర్పూర్కర్ కమిషన్ చెప్పిన సంగతి 2022లో బయటికొచ్చింది. బతికుండగా ఆమెకి దొరకని బందోబస్తు, చనిపోయాక తుపాకీ రూపంలో వచ్చింది. ఆ తుపాకీకి చప్పట్లు కొట్టడం మనకి ఎవరు నేర్పారు? పోరాట దృశ్యాలు బాగున్నాయని మార్కులు వేసే విమర్శకి ఇందులో భాగం లేదా?

నాయకులకి రక్షణ అక్కర్లేదని కాదు. 1984 అక్టోబర్ 31న ఇందిరాగాంధీని సొంత అంగరక్షకులే కాల్చి చంపారు. ఆ మరుసటి ఏడే ఎస్పీజీ పుట్టింది. 1991 మే 21న శ్రీపెరుంబుదూర్‌లో రాజీవ్ గాంధీతో పాటు ఇంకెందరో చనిపోయారు. ఆ రాత్రి విధుల్లో ఉన్న అనసూయ అనే మహిళా ఎస్సై తీవ్రంగా గాయపడి బతికారు. బాంబు కట్టుకొచ్చిన యువతిని ఆమె అడ్డుకోబోయారని చెబుతారు. అంగరక్షకుల కథలు ఇన్ని తీసినవాళ్ళకి అలాంటి మనిషి కథానాయికగా తోచదు. 'బందోబస్త్'లో నాయిక సాయేషా ప్రధాని దగ్గర పత్రికా వ్యవహారాలు చూసే ఉద్యోగిని. ఆమె చేసే పని హీరోని ప్రేమించడం. 'ఇన్ ద లైన్ ఆఫ్ ఫైర్'లో రెనే రుస్సో సాక్షాత్తూ సీక్రెట్ సర్వీస్ ఏజెంట్. ఆమె కథ కూడా చివరికి ప్రేమ దగ్గరికే చేరింది. సీక్రెట్ సర్వీస్‌లోకి మొదటి మహిళా ఏజెంట్లు వచ్చింది 1971లో. ఇరవై రెండేళ్ళ తరవాత కూడా తెర మీద ఆమెకి దొరికిన చోటు అంతే.

ఇదే పారిశ్రామిక వాడలో, పాశమైలారంలోని సిగాచి ఫ్యాక్టరీలో, 2025 జూన్ 30న జరిగిన పేలుడులో యాభైకి పైగా కార్మికుల ప్రాణాలు పోయాయి. పొట్ట చేతపట్టుకుని పరాయి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువ. కొందరి శరీరాలు కూడా దొరకలేదు. వాళ్ళ భార్యలు, తల్లులు ఫ్యాక్టరీ గేటు ముందు నిలబడ్డారు. ప్రమాదం జరిగాక పెద్దలు రావడానికి దారులు క్లియర్ చెయ్యగలిగిన వ్యవస్థ, ప్రమాదం జరగకముందు లోపలికి వెళ్ళి యంత్రాల్ని తనిఖీ చెయ్యలేకపోవడాన్ని ఏ లాజిక్‌తో అర్థం చేసుకోవాలి?

సినిమాని విమర్శించడం అంటే నిడివినీ మలుపుల్నీ లెక్కపెట్టడమే కాదు. ఇందులో ఎవరి ప్రాణం విలువైనదిగా చూపించారు, ఎవరి చావు నేపథ్యంగా మిగిలిపోయింది అని అడగాలి. ఆ పని పత్రికల్లో రాసే కొద్దిమందికి వదిలెయ్యకుండా మన సంఘాలూ చెయ్యొచ్చు. గడ్డపోతారంలో కాంట్రాక్టు పనికి వెళ్ళే స్త్రీలతో కూర్చుని ఇలాంటి సినిమా ఒకటి చూసి, భద్రత అంటే ఏమిటో వాళ్ళ నోటి వెంట చెప్పనిద్దాం. షిఫ్టు వదిలే వేళకి బస్సు, గేటు నుంచి ఊరి దాకా వీధి దీపాలు, చేతికి తొడుగు, ముక్కుకి మాస్కు, తాగడానికి మంచినీళ్ళు, తనిఖీ నివేదికని ఊళ్ళో అందరికీ చదివి వినిపించడం - వాళ్ళు చెప్పే జాబితా ఇలాగే ఉంటుందని నా నమ్మకం. ఆ జాబితాని కలెక్టరు ముందు, ఫ్యాక్టరీల ఇన్‌స్పెక్టరు ముందు పెట్టి సమాధానం వచ్చేదాకా అడుగుదాం. మనకి కావలసిన బందోబస్తు అది.