చెట్టు పేరు చివర ఇంటిపేరు

జంషెడ్‌పూర్ నుండి ఖర్కాయి నది దాటితే ఆదిత్యపూర్. యంత్రభాగాల కర్మాగారాలకు పేరుపడిన ఈ ఊరు సింగ్‌భూమ్ అడవుల సీమలో ఉన్నది. ఆ అడవులకు రాజు సాలవృక్షం. శ్రీరాముడు ఒక్క బాణంతో భేదించిన సప్తసాలాల కథ వినని తెలుగువారుండరు. హో, సంతాలీ భాషల్లో ఈ చెట్టు పేరు సర్జోమ్; అది పూతకు వచ్చే వసంతంలో ఆ పూలతోనే అక్కడి ఆదివాసులు పండుగ జరుపుకుంటారు. ఇన్ని పేర్లున్న చెట్టు శాస్త్రగ్రంథాల్లో మాత్రం ‘షోరియా రోబస్టా’. రోబస్టా అంటే దృఢమైనదని అర్థం. చెట్టుకు తగిన మాటే. మరి షోరియా?

అది జాన్ షోర్ అనే ఆంగ్లేయుని ఇంటిపేరు. ఆయన 1793 నుండి 1798 వరకు గవర్నర్ జనరల్, వృక్షశాస్త్రజ్ఞుడు కాడు. ఆయన పేరును చెట్టుకు తగిలించిన విలియం రాక్స్‌బర్గ్ మాత్రం అసలైన వృక్షశాస్త్రజ్ఞుడు, పైగా తెలుగుదేశానికి బాగా పరిచితుడు. స్కాట్లండులో పుట్టిన ఈ వైద్యుడు 1793లో కలకత్తా వృక్షోద్యానానికి అధిపతిగా వెళ్లేవరకు సామర్లకోటలో ఏళ్ల తరబడి ఉండి, కోరమండల్ తీరపు మొక్కలను పరిశీలించాడు.

వృక్షనామాల్లో ఇంటిపేరు రెండు చోట్ల కనిపిస్తుంది. మొదటిది చివర: పేరు పెట్టినవాని సంతకం వంటిది. ‘రాక్స్‌బ్.’ అని ఉంటే రాక్స్‌బర్గ్ అని గ్రహించాలి. లిన్నేయస్‌కు ‘ఎల్.’ అనే ఒక్క అక్షరమే చాలు. అంతటి గౌరవం మరెవరికీ దక్కలేదు. షోరియా అనే ప్రజాతి పేరు వెనుక ‘రాక్స్‌బ్. ఎక్స్ సి.ఎఫ్. గెర్ట్‌న్.’ అని ఉంటుంది. పేరు తలచినవాడు రాక్స్‌బర్గ్, దానిని 1805లో అచ్చువేసి చెల్లుబాటు చేసినవాడు గెర్ట్‌నర్ అని దాని తాత్పర్యం. మధ్యనున్న ‘ఎక్స్’ ఒక చిన్న దస్తావేజు!

రెండవది పేరు లోపల. పుత్రజీవి చెట్టుకు వాలిచ్ పెట్టిన పేరు ‘పుత్రంజీవ రాక్స్‌బర్గియై’. చివరి ‘ఐ’కారం లాటిన్ షష్ఠీ విభక్తి; అంటే ‘రాక్స్‌బర్గ్ యొక్క పుత్రజీవి’. తన పేరును తానే పెట్టుకోవడం మర్యాద కాదు కనుక, ఇటువంటి గౌరవం ఇతరుల చేతనే రావాలి.

ఈ గౌరవంలో ఒక్కొక్కప్పుడు చమత్కారమూ ఉంటుంది. దేవకాంచనం ఆకు నడుమ చీలి, రెండు రేకులుగా కనిపిస్తుంది. ఆ ప్రజాతి పేరు ‘బౌహీనియా’. యోహాన్, కాస్పర్ బౌహిన్ అనే సోదరులిద్దరూ వృక్షశాస్త్రజ్ఞులే. జంట రేకుల ఆకు ఆ జంటకు తగినదని లిన్నేయస్ భావించాడు. విస్తళ్లు కుట్టే అడ్డాకు తీగను కూడా చాలాకాలం ఈ ప్రజాతిలోనే చేర్చారు. ‘బౌహీనియా వాలియై’ అన్న దాని పేరులో డెన్మార్కు పండితుడు మార్టిన్ వాల్ కూడా చేరాడు. ఒక్క విస్తరాకుపై ఇన్ని ఐరోపా ఇంటిపేర్లు!

అన్నం తినేవారి పేరు గానీ, ఆకు కుట్టేవారి పేరు గానీ అందులో లేదు. సర్జోమ్ అన్న మాట షోరియా కన్న ఎంత పాతదైనా, 1753 తరువాత నియమానుసారం లాటిన్ రూపంలో అచ్చయిన పేర్లలో మొదటిదానికే అగ్రాధికారం. అడవిలో పలికిన పేరుకు ఆ లెక్కలో చోటు లేదు. రాక్స్‌బర్గ్ గ్రంథాలకు బొమ్మలు గీసిన భారతీయ చిత్రకారుల పేర్లూ చాలామటుకు తెలియరావు. మొక్క రూపాన్ని లోకానికి చూపినది వారి కుంచె. సంతకం మాత్రం దొరది.

అయితే రాక్స్‌బర్గ్‌కు ఒక మంచి అలవాటుండేది. తీరపు మొక్కలను వర్ణించేటప్పుడు ‘తెలింగులు’ వాటిని ఏమంటారో కూడా వ్రాసిపెట్టేవాడు. జ్వరానికి బెరడు వాడే సోమిద చెట్టును ఆయన ‘స్వైటీనియా ఫెబ్రిఫ్యూగా’ అన్నాడు. తెలుగు పేరును పక్కన చేర్చాడు. తరువాత ఫ్రెంచి పండితుడు ఆద్రియెన్ ద జ్యుస్సియు దీనికి వేరొక ప్రజాతిని ఏర్పరచి, పేరు కోసం ఎవరి ఇంటిపేరునూ వెదకలేదు. ఆ తెలుగు మాటనే తీసుకున్నాడు: ‘సొయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా (రాక్స్‌బ్.) ఎ. జస్.’ మొదట పేరుపెట్టిన దొర ఇందులో కుండలీకరణాల మధ్య ఉన్నాడు. తెలుగు మాట పేరుకు మొదట ఉన్నది.