పెద్దల నోటిలోని లెక్క



మన యిండ్లలోని వృద్ధస్త్రీలను ఏ సంవత్సరమున బుట్టితిరని యడిగినచో, అంకెలతో బదులు చెప్పువా రరుదు. “ఉప్పెన వచ్చిన యేడు నా పెద్దవాడు బడికి బోవుచుండె” ననియో, “మీ తాతగారు ఇల్లు గట్టిన మరుసటి మాఘ” మనియో చెప్పుదురు. చదువుకొన్న మనుమలు విని నవ్వుదురు. ఇది నవ్వదగిన మాట కాదు. తెలిసి వినువారికి దీనియందే సంవత్సరమును మాసమును దొరకును.

మన సంవత్సరములు ప్రభవ మొదలు అక్షయ వరకు 60. అరువదేండ్లకు మరల ఆ పేరే వచ్చును. కావున పేరొక్కటే చాలదు; దానికి తోడుగా నొక సంఘటన ముండవలెను. నందన కరవన్న గుంటూరు సీమను పీడించిన 1832-33 నాటి కరవు. ధాత కరవన్న 1876లో మొదలైనది. దివిసీమను ఉప్పెన ముంచినది పింగళ నామ సంవత్సర కార్తికమున, అనగా 1977 నవంబరు 19వ తేదీన. ఇంకొక సంగతి గమనింపవలెను. మన యేడు చైత్రమున మొదలగుటచే, ఆ పింగళలోనే మాఘమున బుట్టిన బిడ్డకు 1978 అని వ్రాయవలెను.

మా మామగారి తల్లికి దివిసీమ పుట్టినిల్లు. ఇంటివారి పుట్టుకలు వ్రాసికొనుటకై నేనీ లెక్కలే యడుగుచుండగా, ఆమె యొకనాడు, “మా తమ్ముని భార్యకు అప్పుడు ఆరవ నెల. మాఘమునకు కానుపనుకొంటిమి” అని చెప్పి యూరకుండెను. ఆ యిల్లాలు ఉప్పెనలో బోయినది. ఆమె ఛాయాపటము లేదు. మా యింట నున్న యే కాగితమునందును ఆమె పేరు లేదు. ఆ పేరు ఎరిగి పలుకగలది ఈ వృద్ధురా లొక్కతెయే. నాడే దానిని పుస్తకమున వ్రాసితిని. ఇప్పుడు మా పిల్లలకును ఆ పేరు తెలియును.

కావున ప్రతి యింటను ఒక పుస్తకము కుట్టి యుంచుడు. పెద్దముత్తైదువులను, వితంతువులను, పెండ్లి కానివారిని గూడ విడువక, ఒక్కొక్కరి పేరును, పుట్టినింటి పేరును, ఊరును, కన్న బిడ్డలలో దక్కినవారిని, దక్కనివారిని వ్రాయుడు. సాక్షిని విచారించినట్లు ప్రశ్నలు గుప్పింపరాదు. చిక్కుడుకాయలు ఈనెలు దీయుచు నొక మాట, తల దువ్వుచు నొక మాట యడిగిన చాలును. దుఃఖము గలిగినచో ఆనాటి కాపివేయుడు. సెల్లుఫోనులో వారి కంఠమును నిలుపుకొనుట మంచిదే. కాని అందు వినవచ్చు పేర్లు ఎవరివో వ్రాసి యుంచనిచో, ముందుతరము వారికి కంఠము మిగులును గాని మనుష్యులు మిగులరు.

ఆస్తుల పత్రములను పెట్టెలో భద్రపరచుకొందుము. ఈ పుస్తకమునకును అందే చోటీయుడు.